జూలో ఫొటోలకు ఏ లెన్స్? ముందు అడ్డుగా ఏముందో చూడండి

"జూకి వెళ్తున్నాం, ఏ లెన్స్ పట్టుకెళ్లాలి?" అని అడిగితే ఎక్కువమంది చెప్పే మాట ఒకటే: ఉన్నవాటిలో పెద్దది పట్టుకెళ్లు. అడవికైతే ఆ సలహా సరిపోతుంది. జూలో చాలాచోట్ల బెడిసికొడుతుంది. అడవిలో జంతువు ఎక్కడో ఉంటుంది కాబట్టి దూరంతోనే మన గొడవంతా. జూలో జాగ్వార్ పది మీటర్లలో పడుకుని ఉంటుంది, మకావ్ చిలుక ఇంకా దగ్గర్లో కూర్చుని మనల్నే చూస్తుంటుంది. ఇక్కడ పని చెడగొట్టేది మధ్యలో ఉన్న అడ్డు. అది ఇనుప జాలీ కావచ్చు, మందపాటి అద్దం కావచ్చు, కందకం కావచ్చు. లోపలికి నడిచి వెళ్లే పక్షుల ఎన్‌క్లోజర్లలో అసలు ఏ అడ్డూ ఉండదు, దాని ఇబ్బంది దానిది. అందుకే జంతువును చూసి కాకుండా అడ్డును చూసి లెన్స్ ఎంచుకోమంటాను.

జాలీ వెనక ఉన్నవాటికి

కష్టమంతా ఇక్కడే ఉంది కాబట్టి దీనికే ఎక్కువ చోటిస్తున్నాను.

జాలీని ఫొటోలో కనపడకుండా చేయాలంటే "అపెర్చర్ బాగా తెరవండి, జాలీకి దగ్గరగా వెళ్లండి" అంటారు. నిజమే, కానీ దానితో ఏ లెన్స్ మేలో తేలదు. తేల్చేది ఒక చిన్న భాగాహారం. ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ సంఖ్యతో భాగించండి (ఫోకల్ లెంగ్త్ అంటే లెన్స్ మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే 55, 300 లాంటి అంకె, ఎఫ్ సంఖ్య అంటే అపెర్చర్ ఎంత తెరిచామో చెప్పేది). వచ్చేది ఆ లెన్స్‌లో కాంతి లోపలికి వచ్చే ద్వారం వెడల్పు. ఆ వెడల్పు జాలీ గడి కంటే పెద్దదైతే, జంతువు మీది ప్రతి బిందువు నుంచి బయలుదేరిన కాంతిలో కొంత తీగలకు తగిలి ఆగినా మిగతాది గడుల్లోంచి వచ్చేస్తుంది. అప్పుడు తీగలు గీతల్లా కనపడవు, ఫొటో అంతటా పలచటి పొగలా పరుచుకుంటాయి. ద్వారం గడి కంటే బాగా చిన్నదైతే తీగ ఉన్నచోట మసక గీత, లేనిచోట స్పష్టమైన బొమ్మ పడతాయి.

ఇప్పుడు పోల్చి చూడండి. కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్స్‌ను 55 దగ్గర ఎఫ్/5.6 పెడితే ద్వారం సుమారు 10 మిల్లీమీటర్లు. 70-300 లెన్స్ 300 దగ్గర ఎఫ్/5.6 అయితే 54. 70-200 ఎఫ్/2.8 అయితే 71. 100-400 ఎఫ్/5.6-8 రకం తేలికపాటి లెన్స్ 400 దగ్గర 50. 150-600 ఎఫ్/6.3 అయితే 95. తరచూ కనిపించే డైమండ్ గడుల కంచెలో గడి 50 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అంటే ఖరీదైన ఎఫ్/2.8 లెన్స్ లేకపోయినా, మామూలు 70-300ని చివరిదాకా జూమ్ చేస్తే ఆ కంచె మాయమవుతుంది. అదే లెన్స్‌ని 100 దగ్గర వాడితే ద్వారం 20 మిల్లీమీటర్ల దగ్గరికి పడిపోతుంది, గీతలు తిరిగొస్తాయి. జంతువు మొత్తం పట్టాలని జూమ్ వెనక్కి తిప్పడం కంటే, దాని ముఖం మటుకు తీసుకుని సరిపెట్టుకోవడం ఇక్కడ తెలివైన పని.

జాలీకి ఎంత దగ్గరగా నిలబడ్డారన్నది ఒక్కటే చూస్తే చాలదు. జంతువు ఆ జాలీకి ఎంత వెనక ఉందో కూడా చూడాలి. మీ నుంచి జాలీకి మీటరు, జాలీ నుంచి జంతువుకి తొమ్మిది మీటర్లు ఉంటే లెన్స్ ద్వారంలో పదింట తొమ్మిది వంతులు పనికొస్తాయి. రెండు వైపులా చెరో మీటరైతే సగమే. అందుకే రెయిలింగ్ మిమ్మల్ని మీటరు దూరంలో ఆపేసినా వెనక చెట్టు మీదున్న కోతి చక్కగా వస్తుంది. జాలీని ఆనుకుని కూర్చున్న పక్షి మటుకు ఏ లెన్స్‌కీ లొంగదు. అది కదిలేదాకా ఆగండి, లేదా పక్క ఎన్‌క్లోజర్‌కి వెళ్లిపోండి.

చిన్న పక్షుల బోనుల జాలీ గడి ఇంకా సన్నం. అది చిన్న ద్వారానికి కూడా కరిగిపోతుంది, కానీ తీగ ఎక్కువ ఉండడం వల్ల వెలుతురునీ కాంట్రాస్ట్‌నీ బాగా తినేస్తుంది. ఆ పొగ ఎంత చిక్కగా ఉంటుందనేది తీగ రంగును బట్టి, దాని మీద ఎండ పడుతోందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. నల్ల పెయింట్ వేసిన జాలీ నీడలో ఉంటే దాదాపు ఏమీ తెలియదు. మెరిసే గాల్వనైజ్డ్ తీగ మీద నేరుగా ఎండ పడుతుంటే ద్వారం ఎంత పెద్దదైనా ఫొటో పాలిపోతుంది. కంచె వెంబడి నడుస్తూ చెట్టు నీడ పడిన చోటు వెతుక్కోండి. అది లేకపోతే టోపీతోనో, పక్కనున్నవాళ్ల నీడతోనో లెన్స్ ముందున్న కాస్త జాలీని కప్పండి. మిగిలిన పాలిపోవడాన్ని ఎడిటింగ్‌లో డీహేజ్ స్లయిడర్ చాలావరకు సరిచేస్తుంది. వెనకవైపు ఆకుల మధ్య మెరిసే వెలుగుచుక్కల్లో జాలీ అచ్చు పడుతుంది, దాన్ని తీసేయడం కష్టం. వెనక చీకటిగా, ఒకే రంగులో ఉండే కోణం చూసుకోండి.

ఫోన్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. దాని లెన్స్ ద్వారం కొన్ని మిల్లీమీటర్లే. జాలీని కరిగించే శక్తి దానికి లేదు, ఆ అవసరమూ లేదు. ఒక గడికి సరిగ్గా ఎదురుగా లెన్స్‌ని పెడితే చాలు, తీగలు ఫ్రేములోకే రావు. రెయిలింగ్ అడ్డొచ్చి జాలీ దాకా చేయి వెళ్లనప్పుడు ఫోన్‌ని జేబులో పెట్టుకోవడమే మంచిది. వంగి, చేయి లోపలికి చాపి తీసే ఫొటో కోసం వేలు పోగొట్టుకోవద్దు.

ఇక ఆటోఫోకస్. జంతువుల కళ్లను గుర్తుపట్టే కొత్త కెమెరాలు కూడా ఎండ పడ్డ తీగను చూస్తే దాన్నే పట్టుకుంటాయి. సింగిల్ పాయింట్ పెట్టి, ఆ పాయింట్‌ని గడి మధ్యలోంచి జంతువు మీద వేయండి. లెన్స్ మీద ఫోకస్ లిమిటర్ స్విచ్ ఉంటే దగ్గరి దూరాలను మూసేయండి. రెండు లెన్స్‌లలో ఏది కొనాలా అని ఊగిసలాడుతుంటే, ఆ స్విచ్ ఉన్నదానివైపు మొగ్గండి.

అద్దం వెనక ఉన్నవాటికి

ఇక్కడ పెద్ద టెలి లెన్స్ (దూరపువాటిని దగ్గరగా చూపేది) దండగ. మందపాటి అద్దం గుండా వంకరగా చూసేకొద్దీ బొమ్మ మెత్తబడుతుంది, ఫోకల్ లెంగ్త్ పెరిగేకొద్దీ ఆ మెత్తదనం ఇంకా బయటపడుతుంది. పైగా అద్దాల గదులు సాధారణంగా చీకటి. నిశాచర జంతువులను పెట్టే గదులైతే చెప్పనక్కర్లేదు. నా ఓటు 85 ఎఫ్/1.8 లాంటి ప్రైమ్ (జూమ్ లేని) లెన్స్‌కి. అదే వెలుతురులో ఎఫ్/5.6 లెన్స్ ఐఎస్‌ఓ 6400 (వెలుతురు తక్కువైనప్పుడు పెంచాల్సిన అంకె, పెరిగేకొద్దీ ఫొటోలో నాయిస్, అంటే గరుకు చుక్కలు, పెరుగుతాయి) అడిగితే, ఇది ఎఫ్/1.8 దగ్గర 640తో సరిపెట్టుకుంటుంది. 70-200 ఎఫ్/2.8 ఉంటే అదీ మంచిదే, కాకపోతే బరువు.

ప్రతిబింబాలను ఆపడానికి రెండు దారులు. ఒకటి రబ్బరు లెన్స్ హుడ్‌ని అద్దానికి ఆనించడం, రెండోది పోలరైజర్ ఫిల్టర్. రెండూ పోటీ పడితే రబ్బరు హుడ్డే గెలుస్తుంది. పోలరైజర్ బాగా పనిచేయాలంటే అద్దాన్ని ఏటవాలుగా చూడాలి, అద్దానికి లంబంగా గీసిన రేఖ నుంచి 56 డిగ్రీల దగ్గర దాని ప్రభావం అత్యధికం. సూటిగా చూస్తే దాదాపు శూన్యం. కానీ అంత ఏటవాలుగా చూస్తే మందపాటి అద్దం బొమ్మను చెడగొడుతుంది. దాని మీద ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుతురు కూడా పోతుంది (ఒక స్టాప్ పోతే వెలుతురు సగమవుతుంది). హుడ్ ఆనించితే సూటిగా చూడొచ్చు, వెలుతురు పోదు. ముదురు రంగు చొక్కా వేసుకెళ్లడం మూడో దారి, దానికి ఖర్చు లేదు.

ఫోన్ ఇక్కడ నిజంగా బాగా పనిచేస్తుంది. చదునుగా ఉంటుంది కాబట్టి అద్దానికి పూర్తిగా ఆనుతుంది, ప్రతిబింబానికి చోటే ఉండదు. కాకపోతే ఒక మెలిక ఉంది. వెలుతురు తగ్గితే చాలా ఫోన్లు టెలి లెన్స్‌ని వదిలేసి, మెయిన్ కెమెరా బొమ్మనే కత్తిరించి పెద్దది చేసి చూపిస్తాయి, పైన మాత్రం అదే 3ఎక్స్ అని రాసి ఉంటుంది. మెయిన్ కెమెరా మీద వేలు పెట్టి చూడండి. తెర చీకటైతే మీరు టెలి లెన్స్ వాడట్లేదన్నమాట. అప్పుడు జూమ్ తగ్గించి తీసుకుని, తర్వాత కత్తిరించుకోవడం మేలు.

మందపాటి అద్దం కాస్త ఆకుపచ్చ ఛాయ కలుపుతుంది. రా (కెమెరా దిద్దని ముడి ఫైలు) ఫార్మాట్‌లో తీస్తే వైట్ బ్యాలెన్స్‌తో అది పోతుంది. ఫ్లాష్ ఆపేయండి, దాంతోపాటు ఫోకస్ కోసం వెలిగే చిన్న సహాయక దీపాన్ని కూడా. చాలామంది రెండోదాన్ని మర్చిపోతారు. అద్దం మీద తట్టి జంతువుని లేపే అలవాటున్నవాళ్లతో వెళ్తే ముందే చెప్పి ఉంచండి.

కందకం అవతల ఉన్నవాటికి

ఊచలు లేకుండా కందకాలతో జంతువులను చూపించే పద్ధతికి పేరు తెచ్చింది జర్మన్ జంతువుల వ్యాపారి కార్ల్ హాగెన్‌బెక్. 1907లో హాంబర్గ్ దగ్గర స్టెలింగెన్‌లో ఆయన తెరిచిన జూ తర్వాత ఈ నమూనా ప్రపంచమంతా పాకింది. ఫొటోగ్రాఫర్లు ఆయనకు రుణపడి ఉండాలి. జిరాఫీలు, జీబ్రాలు, సింహాలు, ఫ్లెమింగోల గుంపులు ఇలాంటి చోట్లే ఎక్కువ కనిపిస్తాయి. పెద్ద లెన్స్‌కి పని దొరికేది ఇక్కడే.

పోటీ 100-400కీ 150-600కీ మధ్య. సిగ్మా 150-600 కాంటెంపరరీ రెండు కిలోలకు కాస్త తక్కువ, సోనీ 200-600 రెండు కిలోల పైమాటే. కెనాన్ ఆర్ఎఫ్ 100-400 ఎఫ్/5.6-8 బరువు 635 గ్రాములు. రోజంతా నడవాలి, పిల్లలు కూడా వెంట ఉన్నారంటే ఈ తేడా మెడకి తెలుస్తుంది. ఏపీఎస్-సీ సెన్సర్ (35 మి.మీ. ఫిల్మంత ఉండే ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది) కెమెరా మీద 400 లెన్స్ ఫుల్ ఫ్రేమ్ మీది 600 అంత దృశ్యాన్ని ఇస్తుంది (కెనాన్‌లో 640), కాబట్టి అలాంటి కెమెరా ఉన్నవాళ్లకి 600 లెన్స్ నిజంగా అవసరమయ్యే ఎన్‌క్లోజర్లు తక్కువ. ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఉండి, పక్షుల మీదే మోజు ఉంటే 600 తీసుకోండి. మిగతావాళ్లకి 100-400 చాలు.

మధ్యాహ్నం నీళ్ల మీదుగా, కాంక్రీటు మీదుగా 600తో తీస్తే వేడి గాలి అలల వల్ల ఈకలు ఈకల్లా రావు. ఆ మెత్తదనానికి లెన్స్‌ని తిట్టుకుంటారు. పొద్దున జూ తెరిచిన గంటలో అదే చోట తీసి చూడండి. వెలుతురు ఏటవాలుగా ఉంటుంది, జంతువులూ అప్పుడే చురుగ్గా ఉంటాయి.

ట్రైపాడ్, మోనోపాడ్, చేతిపట్టు ఈ మూడింట్లో పెద్దగా ఆలోచించేదేమీ లేదు. ట్రైపాడ్ దారికి అడ్డం, చాలా జూలలో అనుమతి కూడా ఉండదు. 600కి మోనోపాడ్, మిగతా అన్నింటికీ చేతులు.

అడ్డేమీ లేని పక్షుల ఎన్‌క్లోజర్లు

పైన పెద్ద వల కప్పి, మనల్నే లోపలికి నడవనిచ్చే ఏవియరీలంటే నాకు మహా ఇష్టం. స్కార్లెట్ ఐబిస్, కిరీటం పావురాలు, టూకన్లు మనకు నాలుగడుగుల్లో తిరుగుతుంటాయి. ఇక్కడ లెన్స్ పెట్టెల మీద మనం ఎప్పుడూ చదవని ఒక అంకె అక్కరకొస్తుంది: కనీస ఫోకస్ దూరం. సిగ్మా 150-600 కాంటెంపరరీకి అది 2.8 మీటర్లు, సోనీ 200-600కి 2.4. పక్షి మీటరున్నర దూరంలో వాలితే ఆ లెన్స్‌లు ఫోకసే చేయలేవు, ఇరుకు దారిలో వెనక్కి జరగడానికీ ఉండదు. కెనాన్ 100-400కి 0.88 మీటర్లే. ఇలాంటి దగ్గరి ఫోకస్ ఉన్న లెన్స్ ఒక్కటే ఏవియరీలో సగం పని చేసిపెడుతుంది.

దగ్గరితనం ఇంకో చిక్కు తెస్తుంది. ఫుల్ ఫ్రేమ్ మీద 300 లెన్స్, ఎఫ్/8, పక్షి రెండు మీటర్లలో ఉంటే ఫోకస్‌లో ఉండే లోతు రెండు సెంటీమీటర్లు. టూకన్ మీకు ఎదురుగా తిరిగితే కన్ను స్పష్టంగా ఉండి ముక్కు కొస మసకబారుతుంది. హార్న్‌బిల్‌దీ అదే కథ. పక్కకి తిరిగేదాకా ఆగండి, ముక్కూ కన్నూ ఒకే తలంలోకి వస్తాయి. ఎఫ్/2.8కి పెట్టిన డబ్బు ఇక్కడ అక్కరకు రాదు, ఎలాగూ ఎఫ్/8కి మూయాల్సిందే.

ఎయిర్ కండిషన్డ్ గది నుంచి ఉక్కగా ఉండే ఉష్ణమండల పక్షుల గదిలోకి వెళ్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది. కెమెరాని మూసిన బ్యాగులోనే ఉంచి, అది గది వేడికి వచ్చాక తీయండి. ఈలోగా పక్షులు ఏ కొమ్మ మీద ఎక్కువగా వాలుతున్నాయో చూసుకోవచ్చు.

పక్షికి ఒక సెట్టింగ్, జంతువుకి ఒకటి

పడుకున్న క్షీరదానికి 1/250 సెకను షట్టర్ వేగం చాలు. నడిచేదానికి 1/500, దూకే లెమూర్‌కి, క్షణం నిలవని మార్మోసెట్‌కి 1/1000. ఎగిరే పక్షికి 1/2000 లేదా అంతకంటే వేగం. కొమ్మ మీద ఊరికే కూర్చున్న పక్షిని కూడా 1/250తో తీయకండి, తల ఉన్నట్టుండి తిప్పేస్తుంది. పక్షులకి మూడో కనురెప్ప ఉంటుంది. అది అడ్డంగా జారినప్పుడు కన్ను పాలరాయిలా తెల్లబడుతుంది, మన కంటికి తెలియదు కానీ ఫొటోలో దొరికిపోతుంది. ఒకటి తీసే చోట నాలుగైదు బర్స్ట్‌గా తీయండి.

ఎర్ర మకావ్, స్కార్లెట్ ఐబిస్ లాంటివాటికి వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు, అంటే మామూలు హిస్టోగ్రామ్‌ని నమ్మొద్దు. మొత్తం వెలుగు సరిగానే కనిపిస్తుంది కానీ ఎరుపు ఛానెల్ ఒక్కటే నిండి పొర్లిపోయి ఈకల వివరాలు ముద్ద అవుతాయి. ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపేది) చూస్తూ ఒక స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించండి. చింపాంజీ, గొరిల్లాలకి దీనికి వ్యతిరేకం: ఆ నల్ల ముఖంలో కళ్లు కనపడాలంటే కాస్త పెంచాలి, వెనక ఆకాశం తెల్లబడితే పడనివ్వండి. రంగురంగుల పక్షులకి, నల్లటి జంతువులకి మబ్బు పట్టిన రోజే మంచిది. ఎండ కావాల్సింది నెమలి లాంటి మెరిసే ఈకలకి. అక్కడ రంగు కాంతి పడే కోణాన్ని బట్టి వెలుగుతుంది.

నాయిస్ తీసేసే కొత్త సాఫ్ట్‌వేర్లు వచ్చాక ఎఫ్/2.8కీ ఎఫ్/5.6కీ మధ్య ఉన్న రెండు స్టాపుల తేడా మునుపంత భయపెట్టదు. కంచెను కృత్రిమ మేధతో తుడిచేసే టూల్స్ మీద మటుకు నాకు నమ్మకం కుదరలేదు. తీగ కింద ఉన్న బొచ్చును అవి చూడలేవు కాబట్టి ఊహించి గీస్తాయి. జీబ్రా చారలు, చిరుత మచ్చలు ఆ ఊహకి అందవు.

బోనును దాచాలా, చూపించాలా?

ఇంతసేపూ అడ్డును దాచడం గురించే చెప్పాను కానీ, దాచిన ఫొటోని అడవి ఫొటోగా చలామణీ చేయడం వేరే సంగతి. వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో 2009లో గెలిచిన తోడేలు ఫొటోకి 2010 జనవరిలో బహుమతి వెనక్కి తీసుకున్నారు. అది శిక్షణ ఇచ్చిన తోడేలు అయ్యుండొచ్చని న్యాయనిర్ణేతలు తేల్చడమే కారణం. పోటీకి పంపేటప్పుడు నిబంధనలు చదివి, జూ అని స్పష్టంగా రాయండి. అసలు కొన్నిసార్లు చూపించడమే మంచి ఫొటో అవుతుంది. అద్దానికి ఒకవైపు ఒరాంగుటాన్ చేయి, ఇంకోవైపు పిల్లవాడి చేయి ఉన్న దృశ్యానికి 35 ఎఫ్/1.8 లేదా ఫోన్ చాలు.

ఇక కొనేది ఏది?

ఇప్పటికి 18-55, ఫోన్ మాత్రమే ఉన్నవాళ్లు 70-300 తీసుకోండి. జాలీ దగ్గర పనికొస్తుంది, కందకం దగ్గర సరిపోతుంది, అద్దాల గదులను ఫోన్‌కి వదిలేయండి. కాస్త ఎక్కువ పెట్టగలిగితే దాని బదులు దగ్గరి ఫోకస్ ఉన్న 100-400. 70-200 ఎఫ్/2.8ని జూ కోసమే కొనొద్దు. పెళ్లిళ్లు, పోర్ట్రెయిట్లు కూడా తీసేవాళ్లకే అది గిట్టుబాటు.

లెన్స్‌లు మార్చే ఓపిక లేనివాళ్లకి బ్రిడ్జ్ కెమెరా (లెన్స్ విడిగా ఊడదీయలేనిది, దూరం జూమ్ ఉన్నది) ఉంది. సోనీ ఆర్ఎక్స్10 మార్క్ 4 లాంటిది 24 నుంచి 600కి సమానమైన జూమ్ ఇస్తుంది. దాని అసలు ఫోకల్ లెంగ్త్ 220, ఎఫ్/4 దగ్గర ద్వారం 55 మిల్లీమీటర్లు, అంటే కంచె విషయంలో 70-300కి తీసిపోదు. చీకటి గదుల్లో చిన్న సెన్సర్ తేలిపోతుంది.

ఇప్పటికే 600 కొనేసినవాళ్లు దాన్ని ఇంట్లో పెట్టక్కర్లేదు. జూ మ్యాప్ ముందుగా చూసుకుని కందకాల వైపు పొద్దున్నే వెళ్లండి, ఆ తర్వాత పెద్ద జాలీ ఎన్‌క్లోజర్లకి. అద్దాల గదులు, ఏవియరీ చివరికి ఉంచి, అప్పుడు లెన్స్‌ని బ్యాగులో పెట్టి చిన్నది బిగించుకోండి. తిండి పెట్టే వేళలు గేటు దగ్గర రాసి ఉంటే వాటిని బట్టి ఈ వరుస మార్చుకోండి. నిద్రపోయే సింహానికి ఏ లెన్స్ పెట్టినా ఒకటే.